సోర్స్ అందరి చేతిలో ఉన్నప్పుడు సర్వర్ ఎవరిని నమ్మాలి: ఒక మల్టీప్లేయర్ గేమ్ కేస్ స్టడీ

విశాఖలో మేం కొంతమంది కలిసి కడుతున్నది ఒక మల్టీప్లేయర్ రోల్‌ప్లేయింగ్ గేమ్. సర్వర్ (ఆట లోకాన్ని నడిపే ప్రోగ్రామ్) ఒకటి, క్లయింట్లు (ఆటగాడి దగ్గర నడిచే ప్రోగ్రాములు) రెండు. ఒక క్లయింట్ బొమ్మలతో కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ నడుస్తుంది, రెండోది టెర్మినల్‌లో అక్షరాలతోనే నడుస్తుంది. మూడింటి సోర్స్ కోడూ ఓపెన్. ఎవరైనా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, సొంత సర్వర్ పెట్టుకుని స్నేహితులతో ఆడుకోవచ్చు. ఈ మాట చెప్పగానే దాదాపు అందరూ అడిగేది ఒకటే: "అంతా బయట పెట్టేస్తే మోసం చేసేవాళ్ళకి పండగే కదా?" ఆ ప్రశ్నకి పనిలో ఏం జవాబు దొరికిందో వివరంగా రాస్తున్నాను. ఇలాంటిది మొదలుపెట్టాలనుకునే వాళ్ళకి కోడ్ లైబ్రరీల పేర్ల కంటే ఇదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

ముందు ఆట గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే టెక్నికల్ సమస్యలు కొన్ని అది జరిగే నేల వల్లే వచ్చాయి. కథ జరిగేది భీమిలి నుంచి డాల్ఫిన్స్ నోస్ దాకా ఉన్న తీరంలో, సుమారు 2 వేల ఏళ్ళ కిందట. ఓడలు వస్తాయి, సరుకు దిగుతుంది, కొండ మీద బౌద్ధ ఆరామం ఉంటుంది, మీరు పడవ నడపొచ్చు, ఉప్పు అమ్మొచ్చు, కుమ్మరి పని నేర్చుకోవచ్చు. దీనికి ఆధారం తొట్లకొండ మీది బౌద్ధ ఆరామం. నేవీ వాళ్ళు 1976లో ఏరియల్ సర్వే చేస్తుంటే అది బయటపడింది, 1988 నుంచి 1993 దాకా పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి, శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. ఒక వర్తక ప్రపంచం కట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? నేల ఎత్తుపల్లాల కోసం 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి తీసిన ఎస్‌ఆర్‌టీఎం డేటా తీసుకున్నాం. సుమారు 30 మీటర్లకి ఒక కొలత చొప్పున ఇస్తుంది, వాడుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. రాడార్ కొలత కాబట్టి ఇళ్ళ కప్పులు కూడా నేలలాగే లెక్కలోకి వస్తాయి, అందుకని ఇప్పటి ఊరున్న చోటల్లా చదును చేసుకోవాలి.

లైసెన్సుల సంగతి త్వరగా చెప్పేస్తాను. సర్వర్‌కి ఏజీపీఎల్ 3, క్లయింట్లకి జీపీఎల్ 3, బొమ్మలకీ సంగీతానికీ క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్‌ఏ 4.0. జీపీఎల్ ప్రకారం మార్చిన ప్రోగ్రామ్‌ని పంపిణీ చేసేవాళ్ళు దాని సోర్స్ కూడా ఇవ్వాలి, కానీ సర్వర్‌కి అది సరిపోదు. ఎవరైనా మన సర్వర్‌ని మార్చి తమ దగ్గర నడుపుకుంటే అది పంపిణీ కిందకి రాదు, కాబట్టి మార్పులు చూపించాల్సిన పని లేదు. ఏజీపీఎల్‌లో ఆ సందు లేదు, నెట్‌వర్క్ మీద వాడేవాళ్ళకి కూడా సోర్స్ ఇవ్వాలి. రైజోమ్ అనే వ్యాపార గేమ్ 2010లో కోడ్ ఓపెన్ చేసినప్పుడు ఎంచుకున్నదీ ఇదే.

ఓపెన్ సోర్స్‌లో ఇలాంటి ప్రయత్నాలు కొత్తేమీ కాదు. క్రాస్‌ఫైర్ అనే గేమ్ 1992 నాటిది. 1998లో మొదలైన వరల్డ్‌ఫోర్జ్ ప్రాజెక్టులో సర్వర్ వేరు, క్లయింట్ వేరు, ఆ రెండూ మాట్లాడుకునే అట్లాస్ అనే ప్రోటోకాల్ (మాట్లాడుకునే నియమాలు) వేరు. ఈ మూడో ముక్కే నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది. కోడ్ మారిపోతుంది, భాష మారిపోతుంది, రాసినవాళ్ళు ఉద్యోగాలు మారి వెళ్ళిపోతారు, ప్రోటోకాల్ కాగితం మీద సరిగ్గా ఉంటే ఇంకొకరు వచ్చి ఇంకో క్లయింట్ రాయగలరు.

ఇక అసలు విషయం. సోర్స్ దాచిన గేముల్లో కూడా క్లయింట్‌ని విప్పి చూసేవాళ్ళు విప్పుతూనే ఉన్నారు, దాచడం వల్ల కొంత ఆలస్యం తప్ప రక్షణ లేదు. కాబట్టి అవతలి మనిషి వాడుతున్న క్లయింట్ అతనే సొంతంగా రాసుకున్నాడు అనుకునే మేం డిజైన్ మొదలుపెట్టాం. అలా అనుకోగానే చాలా నిర్ణయాలు వాటంతటవే తేలిపోతాయి. మా క్లయింట్ "నేను ఫలానా చోట ఉన్నాను" అని ఎప్పుడూ చెప్పదు, "ఫలానా వైపు బటన్ నొక్కి ఉంది" అని మాత్రమే చెబుతుంది. ఎక్కడ ఉన్నాడో, గోడ తగిలిందో లేదో, దెబ్బ తగిలిందో లేదో తేల్చేది సర్వరే. సర్వర్ సెకనుకి 20 సార్లు, అంటే 50 మిల్లీసెకండ్లకి ఒకసారి, లోకాన్ని ఒక అడుగు ముందుకి నడుపుతుంది.

అయితే సర్వర్ జవాబు వచ్చేదాకా ఆగితే ఆట మొద్దుగా ఉంటుంది. అందుకని క్లయింట్ తన మనిషిని వెంటనే కదిలిస్తుంది, ప్రతి కదలికకీ ఒక వరస నంబర్ వేసి పంపుతుంది. మీ ఫోన్ 118, 119, 120, 121 పంపిందనుకోండి. సర్వర్ నుంచి "118 దాకా చూశాను, అప్పటికి నువ్వు ఇక్కడున్నావు" అని వస్తుంది. క్లయింట్ ఆ చోటు నుంచి మొదలుపెట్టి 119, 120, 121 మళ్ళీ వేసుకుంటుంది. లెక్క కలిస్తే మీకేమీ తెలియదు. కలవకపోతే మనిషి ఒక్కసారిగా పక్కకి జరుగుతాడు. పక్కవాళ్ళ విషయంలో ఈ ఊహలు చేయం, వాళ్ళని 100 మిల్లీసెకండ్లు వెనక చూపిస్తాం, అంటే చేతిలో ఎప్పుడూ రెండు అప్‌డేట్లు ఉంటాయి కాబట్టి వాటి మధ్య నున్నగా నడిపించొచ్చు.

ఇప్పుడు మోసం. సెకనుకి 20 కదలికలకి బదులు 40 పంపే క్లయింట్ ఎవరైనా గంటలో రాయగలరు, మనిషి రెండింతల వేగంతో పరిగెడతాడు. దీనికి సర్వర్ ఒక్కో ఆటగాడికి ఒక ఖాతా ఉంచుతుంది. సర్వర్ వేసే ప్రతి అడుగుకీ ఒక కదలిక జమ, వాడితే ఖర్చు, ఖాతాలో 10కి మించి నిలవ ఉండదు. నిలవ ఎందుకంటే మొబైల్ నెట్‌వర్క్‌లో ప్యాకెట్లు (డేటా ముక్కలు) ఆగి ఆగి గుంపుగా వస్తాయి, అది మోసం కాదు. కాగితం మీద ఇది బాగానే ఉంటుంది. మాకు టెస్టింగ్ చేసే ఒక కుర్రాడు రోజూ మద్దిలపాలెం నుంచి గాజువాక బస్సులో వెళ్తూ ఫోన్‌లో ఆడేవాడు. "అన్నా, కంచరపాలెం దాటాక నా మనిషిని ఎవరో వెనక్కి లాగేస్తున్నారు, ఎన్‌ఏడీ దగ్గర అయితే నడవనే నడవట్లేదు" అన్నాడు. సర్వర్ రాసుకున్న లాగ్ తీసి చూస్తే సమస్య స్పష్టంగా ఉంది: దాదాపు ఒక సెకను ఏమీ రాదు, తర్వాత ఒకేసారి 18, 19 కదలికలు వచ్చి పడతాయి, పది వాడుకుని మిగతావి సర్వర్ పారేస్తుంది, క్లయింట్ మాత్రం అన్నీ వేసుకుని ముందుకెళ్ళిపోయి ఉంటుంది, అందుకే వెనక్కి లాగుడు.

నిలవని 30కి పెంచితే బస్సులో కుర్రాడు హాయిగా ఆడతాడు. కానీ నెట్‌ని కావాలని ఒకటిన్నర సెకను ఆపి, ఒక్కసారి వదిలి, శత్రువు వెనక తేలేవాడికి కూడా అదే హాయి. రెండిటికీ ఒకే జవాబు లేదు, కాబట్టి రెండు నంబర్లు పెట్టాం: దగ్గర్లో పోట్లాట నడుస్తుంటే 10, ఊరికే నడుస్తూనో సరుకు మోస్తూనో ఉంటే 30. బస్సులో వెళ్తూ కత్తియుద్ధం చేయాలనుకునేవాడికి ఇబ్బందే, ఆ ఇబ్బంది వాడికే ఉండాలని మా తీర్పు. ఎందుకంటే అవతల ఇంటి దగ్గర వైఫైలో ఆడుతున్నవాడికి అన్యాయం జరగకూడదు.

మొబైల్‌లో ఇంకో చిక్కు ఏంటంటే ఇంట్లోంచి బయటికి రాగానే వైఫై పోయి డేటా వస్తుంది, ఐపీ అడ్రస్ మారిపోతుంది. అడ్రస్‌ని బట్టి మనిషిని గుర్తుపడితే వెంటనే లాగౌట్ అయిపోతాడు. అందుకని కనెక్షన్‌కి 64 బిట్ల ఐడీ ఒకటి ఇచ్చి దాన్ని బట్టి గుర్తుపడతాం, 2021లో ప్రామాణికమైన క్విక్ ప్రోటోకాల్‌లో ఉన్న ఆలోచనే ఇది. ఐడీ దొంగిలించి ఇంకొకడు దూరకుండా ప్రతి ప్యాకెట్‌నీ ఛాఛా20-పోలీ1305 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతితో భద్రం చేస్తాం, దానికి ప్యాకెట్‌కి 16 బైట్ల ఖర్చు, చెల్లించదగ్గ ఖర్చే. మొబైల్ కంపెనీల ఐపీవీ4 అడ్రస్ చాలామందికి కలిపి ఒకటే ఉంటుంది, కాసేపు ఏమీ పంపకపోతే మధ్యలో ఆ అడ్రస్‌ని అందరికీ పంచే నాట్ అనే పెట్టె మనల్ని మర్చిపోతుంది. యూడీపీకి (అందిందో లేదో చూడకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) కనీసం 2 నిమిషాలు గుర్తుంచుకోవాలని ప్రమాణం చెబుతున్నా, అర నిమిషానికే తుడిచేసే పెట్టెలు ఉంటాయి కాబట్టి 15 సెకన్లకి ఒక ఖాళీ ప్యాకెట్ పంపుతాం.

రెండో రకం మోసం ఇంకా సులువు: కోడ్ మార్చి, గోడ వెనక ఉన్నవాళ్ళని కూడా తెర మీద చూపించడం. దీన్ని క్లయింట్‌లో ఆపడం అసాధ్యం. ఒక్కటే దారి, ఆటగాడు చూడకూడనిది అతని మెషీన్‌కి పంపకపోవడం. నేలని 32 మీటర్ల గళ్ళుగా విడదీసి, మీరున్న గడి, చుట్టూ ఉన్న ఎనిమిది గళ్ళు, అంతవరకే పంపుతాం. పంపే డేటా తగ్గించడానికీ ఇది పనికొస్తుంది. అయినా సంతలో 100 మంది ఒకే చోట చేరితే ఒక్కొక్కరికీ మిగతా 99 మంది సంగతి పంపాలి, అంటే ప్రతి అడుగుకీ 9,900 అప్‌డేట్లు, సెకనుకి 1,98,000. ఇక్కడే పొదుపు మొదలవుతుంది. 32 మీటర్ల గడిలో సెంటీమీటర్ కొలతతో చోటు చెప్పడానికి 3,200 విలువలు చాలు, 12 బిట్లలో పట్టేస్తుంది, రెండు దిక్కులకీ కలిపి 3 బైట్లు. ఐడీకి 2, ముఖం ఎటు తిరిగి ఉందో చెప్పడానికి 1. మొత్తం 6 బైట్లు. ఎత్తు పంపక్కర్లేదు, నేల రెండు చోట్లా ఒకటే కాబట్టి క్లయింట్ చూసుకుంటుంది. 100 మందికి 600 బైట్లు, మేం పెట్టుకున్న 1,200 బైట్ల హద్దులో ఒకే ప్యాకెట్‌లో సరిపోతుంది.

గళ్ళ పద్ధతి సంతలో బాగుంది, తొట్లకొండ ఎక్కితే బాలేదు. కొండ మీద నిలబడ్డవాడికి సముద్రం కనిపించాలి, వచ్చే ఓడ కనిపించాలి, ఆరామం అక్కడ ఉండటంలో ఉన్న అందమే అది. 9 గళ్ళ లెక్కలో ఖాళీ సముద్రమే కనిపిస్తుంది. అందుకని ఓడల్లాంటి పెద్ద వస్తువులకి 512 మీటర్ల గళ్ళతో ఇంకో పొర వేసి, సెకనుకి ఒకసారి మాత్రం పంపుతున్నాం. ఓడలో ఎవరున్నారో పంపం, ఓడ ఉందనే పంపుతాం. ఓడ తీరానికి దగ్గరయ్యే కొద్దీ అది చిన్న గళ్ళలోకి మారుతుంది. ఈ ఒక్క మార్పుతో ఆటకి ప్రాణం వచ్చింది, కొండ మీద కాపలా కాసేవాడు, కింద సరుకు కోసం ఎదురుచూసేవాడు అనే పనులు ఆటగాళ్ళే పుట్టించుకున్నారు.

మేం ఎక్కువ కాలం కూర్చున్నది మాత్రం వస్తువుల మార్పిడి దగ్గర. ఈ తరహా గేములన్నిటికీ ఉన్న పాత రోగం వస్తువు రెండవడం. ఎలాగంటే, మామూలుగా సర్వర్ అందరి వివరాలూ మెమరీలో ఉంచుకుని కొన్ని నిమిషాలకోసారి ఒక్కొక్కరిని డేటాబేస్‌లో సేవ్ చేస్తుంది. ఒకడు తన వెండి నాణెం ఇంకొకడికి ఇచ్చాడు. తీసుకున్నవాడు లాగౌట్ అయ్యాడు, అతని వివరాలు సేవ్ అయ్యాయి. ఇచ్చినవాడు సేవ్ అయ్యేలోపు సర్వర్ పడిపోయింది. తిరిగి లేచేసరికి ఇచ్చినవాడి పాత సేవ్‌లో నాణెం అలాగే ఉంది, తీసుకున్నవాడి దగ్గరా ఉంది. ఒకే పొలాన్ని ఇద్దరికి రిజిస్ట్రేషన్ చేసినట్టు. సోర్స్ ఓపెన్ కాబట్టి సర్వర్‌ని ఎలా పడగొట్టాలో వెతికేవాళ్ళు కూడా ఉంటారని అనుకోవాలి.

మా పరిష్కారంలో తెలివితేటలేమీ లేవు, క్రమశిక్షణే ఉంది. ప్రతి వస్తువుకీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక వరస (రో), ఆ వరసలో యజమాని ఒక్కరే. చేతులు మారడం అంటే "యజమాని ఇప్పటికీ ఫలానా అయితేనే ఇతని పేరుకి మార్చు" అనే ఒక్క అప్‌డేట్. అది సరిగ్గా ఒక వరసనే మార్చిందా అని చూస్తాం, లేకపోతే మొత్తం లావాదేవీ రద్దు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే అన్నీ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు), వస్తువుల ఐడీల క్రమంలోనే తాళాలు వేస్తూ, లేకపోతే ఎదురెదురుగా రెండు బేరాలు ఒకదాని కోసం ఒకటి ఆగిపోతాయి. డేటాబేస్‌లో ఖాయం (కమిట్) అయ్యాకే మెమరీలో మారుతుంది, ఆ తర్వాతే తెర మీద "బేరం కుదిరింది" అని వస్తుంది. మనిషి నిలబడ్డ చోటు మాత్రం తీరిగ్గా సేవ్ చేస్తాం, సర్వర్ పడి లేచాక పది అడుగులు వెనక ఉంటే ఎవరికీ నష్టం లేదు. ఏది పోయినా పర్వాలేదో, ఏది పోకూడదో విడదీసుకోవడమే ఇక్కడ అసలు పని. దీనికి టెస్ట్ కూడా మొరటుగా ఉంటుంది: బాట్లు (ఆటగాళ్ళలా నటించే ప్రోగ్రాములు) ఒకదానితో ఒకటి ఆపకుండా బేరాలు చేస్తుంటాయి, ఒక స్క్రిప్ట్ ఏదో ఒక క్షణంలో సర్వర్‌ని కిల్ మైనస్ నైన్‌తో, అంటే సర్దుకునే సమయం ఇవ్వకుండా, చంపుతుంది, మళ్ళీ లేపుతుంది, లోకంలో ఉన్న మొత్తం నాణేల సంఖ్య మారిందా అని చూస్తుంది. మారితే ఆ కోడ్ లోపలికి రాదు.

తెలుగు గురించి చెప్పాలి, ఎందుకంటే ఇది తెలుగులో ఆడే ఆట, బయట దొరికే కోడ్‌లో మన లిపి గురించి ఆలోచించి రాసింది తక్కువ. చాట్ హద్దుని బైట్లలో పెడితే మనకి అన్యాయం. "స్త్రీ" అనే ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు కోడ్ పాయింట్లు (విడి గుర్తులు), వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో 18 బైట్లు. 120 బైట్ల హద్దు ఇంగ్లీషులో ఒక వాక్యం, తెలుగులో 40 కోడ్ పాయింట్లు. అందుకని కంటికి కనిపించే అక్షరాల లెక్కన హద్దు పెట్టి, బైట్లకి దాని మీద ఇంకో పెద్ద హద్దు పెట్టాం, లేకపోతే ఒకే అక్షరం కింద వందల గుర్తులు తగిలించి పంపేవాళ్ళు తయారవుతారు. బొమ్మల క్లయింట్ గోడో 4 అనే గేమ్ ఇంజిన్‌లో ఉంది, అందులో అక్షరాలు అమర్చే హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి ఒత్తులు సరిగ్గా పడతాయి. పేర్ల విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి మధ్యలో పెట్టి ఇంకొకరి పేరునే తీసుకోవచ్చు. దాన్ని పూర్తిగా నిషేధించలేం, "హుద్‌హుద్" లాంటి మాట సరిగ్గా రాయాలంటే అది కావాలి. కాబట్టి చూపించే పేరులో ఉండనిచ్చి, ఇద్దరి పేర్లూ ఒకటేనా అని పోల్చేటప్పుడు తీసేసి పోలుస్తాం. తెలుగు "ర", కన్నడ "ರ" చూడటానికి ఒకేలా ఉంటాయి, అందుకే ఒక పేరు ఒకే లిపిలో ఉండాలి.

ఇక ప్రోటోకాల్. మా గుంపులోకి వచ్చిన ఒక ఇంజినీరింగ్ విద్యార్థి టెర్మినల్‌లో నడిచే టెక్స్ట్ క్లయింట్ రాస్తానన్నాడు. సరే, కానీ సర్వర్ కోడ్ తెరవకూడదు, ప్రోటోకాల్ పత్రం మాత్రమే చూడాలి అని షరతు పెట్టాం. పత్రంతో పాటు నమూనా ప్యాకెట్లు బైట్లు బైట్లుగా ఇచ్చాం. అతను అడిగిన ప్రతి ప్రశ్నా పత్రంలో ఒక ఖాళీ అన్నమాట, జవాబు అతనికి చెప్పకుండా పత్రంలో రాసేవాళ్ళం. ఒకరోజు అడిగాడు: "అన్నా, వరస నంబర్‌కి 16 బిట్లే ఇచ్చారు, 65,535 తర్వాత ఏంటి?" సెకనుకి 20 చొప్పున అది 55 నిమిషాల లోపే అయిపోయి మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. మామూలుగా పెద్దదా చిన్నదా అని పోలిస్తే ఆ క్షణం నుంచి కొత్తవన్నీ పాతవిగా కనిపించి మనిషి బిగుసుకుపోతాడు. వచ్చిన నంబర్‌లోంచి పాత నంబర్‌ని తీసివేసి, ఫలితాన్ని ప్లస్ మైనస్ గుర్తు ఉన్న 16 బిట్ల అంకెగా చూడాలి, సున్నా కంటే ఎక్కువైతే కొత్తది. సర్వర్‌లో అలాగే ఉంది, పత్రంలో ఆ వాక్యం లేదు. ఇప్పుడు ఉంది, పక్కన నాలుగు ఉదాహరణలతో సహా.

టెక్స్ట్ క్లయింట్ టీసీపీ (అందిందని కబురు తెప్పించుకుంటూ పంపే పద్ధతి) మీద నడుస్తుంది, అక్కడ ఇంకో ముచ్చట దొరికింది. ఇంట్లో ఒకే రౌటర్ మీద ఉన్నా జవాబు ఒక్కోసారి 40 మిల్లీసెకండ్లు ఆలస్యం, అదీ ప్రతిసారీ అదే 40. నెట్‌వర్క్ వల్ల వచ్చే ఆలస్యం అంత కచ్చితంగా ఉండదు, అలా ఉందంటే ఎక్కడో టైమర్ ఉందని అర్థం. మెసేజ్ పొడవు చెప్పే 4 బైట్లు ఒకసారి, అసలు మెసేజ్ ఇంకోసారి రాస్తుంటే, 1984 నాటి నేగల్ పద్ధతి ప్రకారం మొదటిది అందిందని కబురు వచ్చేదాకా రెండోది ఆగుతుంది, అవతల లైనక్స్ ఆ కబురుని 40 మిల్లీసెకండ్లు తొక్కిపెడుతుంది. రెండూ కలిపి ఒకేసారి రాసి, నేగల్ పద్ధతిని ఆపే టీసీపీ నోడిలే పెడితే పోయింది. తెరని పెట్టెలుగా విడదీసే అలంకారాలేమీ పెట్టొద్దని ముందే అనుకున్నాం, టెర్మినల్‌లో తెలుగు వెడల్పులు నిలవవు కాబట్టి. వరస తర్వాత వరసగా వచ్చే ఆ మాటల్నే స్క్రీన్ రీడర్ చక్కగా చదువుతుంది, చూపు లేనివాళ్ళు కూడా అదే సంతలో, అదే బేరాల్లో, బొమ్మల క్లయింట్ వాళ్ళతో సమానంగా ఆడొచ్చు. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే సంతోషం ఇచ్చింది ఇదే.

ప్రస్తుతం లోకమంతా ఒకే ప్రాసెస్‌లో నడుస్తోంది. దాన్ని రుషికొండ దగ్గర రెండుగా విడదీసి రెండు సర్వర్ల మీద నడిపే పని మొదలైంది. సరిహద్దు దాటే మనిషి ఒక్క క్షణం కూడా రెండు చోట్లా ఉండకూడదు, ఏ చోటా లేకుండానూ పోకూడదు, కాబట్టి నాణేనికి పెట్టిన పద్ధతే మనిషికీ పెడుతున్నాం: ఏ సర్వర్ అధీనంలో ఉన్నాడో డేటాబేస్‌లో ఒకే గడి, మారితే ఒకే అప్‌డేట్. చంపే స్క్రిప్ట్‌ని కూడా సరిహద్దు మీదకి తీసుకెళ్ళాం. మనిషి దాటుతుండగా ఏదో ఒక సర్వర్ పడిపోయే పరీక్షలు ఇంకా అన్నీ పాసవ్వలేదు, అవి పాసయ్యేదాకా ఈ మార్పు అసలు కోడ్ ఉండే మెయిన్ బ్రాంచ్‌లోకి రాదు.